అతుకు వినపడకూడదు: ఇంట్లో పాడిన పాటను ఎడిట్ చేసుకోవడం ఎలా

ఇంట్లో మైకు పెట్టుకుని ఒక లలితగీతం నాలుగుసార్లు పాడారనుకుందాం. మొదటిసారి గొంతు నిండుగా పలికింది కానీ రెండో చరణంలో మాట తడబడింది. రెండోసారి మాటలన్నీ సరిగ్గా వచ్చాయి, పల్లవిలో శ్రుతి కొంచెం జారింది. మూడోసారి అంతా కుదిరింది అనుకునేసరికి పక్కింటి కుక్కర్ కూత వేసింది. నాలుగోసారికి గొంతు అలసిపోయింది. ఐదోసారి పాడే ఓపిక లేదు. ఉన్నా పాడనవసరం లేదు. ఈ నాలుగింటి మధ్య ఒక మంచి పాట దాక్కుని ఉంది. దాన్ని వెతికి, ముక్కలు కోసి, అతుకు తెలియకుండా కలపడమే ఇక్కడ చెప్పబోయే పని. గొంతునూ వాయిద్యాలనూ కలిపి సర్దే మిక్సింగ్ వేరే విద్య, దాని జోలికి వెళ్లడం లేదు.

నేను వాడేది రీపర్ అనే రికార్డింగు, ఎడిటింగు సాఫ్ట్‌వేర్. పాటలు వినే వినాంప్ ప్లేయరు తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెలే దీన్నీ మొదలుపెట్టాడు. 60 రోజులు ఏ కోతా లేకుండా ప్రయత్నించి చూడవచ్చు, ఆ తర్వాత సొంతానికి వాడుకునేవారికి లైసెన్సు 60 డాలర్లు. పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. మీ దగ్గర వేరే సాఫ్ట్‌వేర్ ఉంటే మీటలు మారతాయి గానీ పని మారదు. కోయడానికి రీపర్‌లో ఎస్ నొక్కుతాం, ఆడాసిటీలో కంట్రోల్ ఐ, లాజిక్‌లో కమాండ్ టీ. కత్తెర ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఎందులోనైనా ఒకటే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

కత్తెర పట్టే ముందు

ప్రాజెక్టును వేరే పేరుతో భద్రపరచండి. రీపర్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో, ఆడియో ఫైళ్లన్నిటినీ ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి కాపీ చేయమనే గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్కు పెట్టండి. ఆ ఫోల్డర్‌ను మొత్తంగా ఒక పెన్‌డ్రైవులోకో ఇంకో డిస్కులోకో కూడా ఎక్కించండి. 48,000 హెర్ట్జ్, 24 బిట్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి 9 మెగాబైట్ల లోపే ఉంటుంది. ఐదు నిమిషాల పాట నాలుగు టేకులూ (ఒకసారి పాడిన రికార్డింగు ఒక టేకు) కలిపి 180 మెగాబైట్లు కూడా కావు. ఇంత చిన్నదానికి బద్ధకించి నేను ఒకసారి మూడు రోజుల పని పోగొట్టుకున్నాను. వాడని ఫైళ్లు తీసేద్దామని మొదలుపెట్టి, ఇంకో ప్రాజెక్టు వాడుకుంటున్న టేకులను కూడా చెరిపేశాను. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, పూర్తిగా నాదే.

భయపడాల్సింది కూడా ఇలా ఫైలు చెరిపేయడానికే. కోతకు కాదు. తెర మీద మీరు ముక్క కోసినప్పుడు డిస్కులో ఉన్న రికార్డింగుకు ఏమీ కాదు. ఫలానా ఫైలులో ఇక్కడి నుంచి ఇక్కడి వరకే వినిపించమని సాఫ్ట్‌వేర్ రాసుకుంటుంది, అంతే. కోసిన ముక్క అంచు పట్టుకుని వెనక్కి లాగితే పోయిందనుకున్న శబ్దం తిరిగి వచ్చేస్తుంది. అందుకని ధైర్యంగా కోయండి, నచ్చకపోతే కంట్రోల్ జడ్ ఎలాగూ ఉంది.

తర్వాత కాగితం, పెన్ను తెచ్చుకోండి. పాట సాహిత్యాన్ని వరుసకు ఒక పంక్తి చొప్పున, పక్కన ఖాళీ వదిలి రాసుకోండి. ఇప్పుడు మౌస్ ముట్టుకోకుండా నాలుగు టేకులూ మొదటి నుంచి చివరి వరకు వినండి. ఏ పంక్తి ఏ టేకులో బాగుందో ఎదురుగా అంకె వేసుకోండి. రెండు టేకులు సమానంగా అనిపిస్తే రెండంకెలూ వేయండి. ఎందులోనూ బాగాలేని పంక్తి కనిపిస్తే సున్నా చుట్టండి, అది మళ్లీ పాడవలసిందే. శ్రుతి జారిన నాలుగు ముక్కల్లోంచి శ్రుతి కుదిరిన ముక్క పుట్టదు.

అంకెలు వేసేటప్పుడు ఒక మాట. తప్పు లేని టేకు కంటే ప్రాణం ఉన్న టేకుకు ఎక్కువ మార్కులు వేయండి. ఒక అక్షరం నలిగితే ఇంకో టేకు నుంచి ఆ అక్షరం తెచ్చుకోవచ్చు. నీరసంగా పాడిన పంక్తికి ప్రాణం ఎక్కడి నుంచీ తేలేం. కాగితం నిండాక చూస్తే ఏదో ఒక టేకు అంకె ఎక్కువసార్లు కనిపిస్తుంది. అదే మీ అసలు టేకు. మిగతావి దానికి మాసికలు వేయడానికే. పంక్తికొక టేకు చొప్పున మార్చుకుంటూ పోతే ఎవరో నలుగురు వంతులు వేసుకుని పాడినట్టు ఉంటుంది. మైకుకు మనిషి దూరం టేకుకూ టేకుకూ మారుతుంది, గొంతు వేడెక్కే తీరూ మారుతుంది. ఎంత తక్కువ అతికితే అంత మంచిది.

ముక్కలుగా కోయడం

రీపర్‌లో ఒకే ట్రాకు మీద ఒకే చోట మళ్లీ మళ్లీ రికార్డు చేస్తే టేకులు ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి. అవి కనిపించకపోతే కంట్రోల్ ఎల్ నొక్కండి, అరల్లా విడిపోయి కనిపిస్తాయి. కర్సర్‌ను పంక్తి మొదట్లో ఉంచి ఎస్ నొక్కితే నాలుగు టేకులూ అక్కడ ఒకేసారి తెగుతాయి. పంక్తి చివర మళ్లీ ఎస్. ఇప్పుడు మధ్య ముక్కలో మీకు కావలసిన టేకు మీద నొక్కితే అదే వినిపిస్తుంది. ఏడో వెర్షన్ నుంచి దీనికి ఇంకో లేన్ల పద్ధతి కూడా వచ్చింది గానీ, నేర్చుకునేవారికి ఈ పాత పద్ధతే తేలిక.

కోసే ముందు స్నాప్ ఆపేయండి. ఆల్ట్ ఎస్ దాని మీట. స్నాప్ ఉంటే కర్సర్ తాళం గడుల దగ్గరికి దూకుతుంది. మనం కోసేది తాళం మీద కాదు, అక్షరాల మధ్య. మౌస్ చక్రం తిప్పితే తెర అడ్డంగా పెద్దదవుతుంది. షిఫ్టు పట్టుకుని పైబాణం నొక్కితే శబ్దం పెరగకుండానే తరంగాల బొమ్మ ఎత్తు పెరుగుతుంది. ఊపిరి శబ్దాలు, పదాల తోకలు అప్పుడే కంటికి కనిపిస్తాయి.

మొదట పంక్తికీ పంక్తికీ మధ్య ఉన్న ఖాళీల్లో కోయండి. అవి సులువైన కోతలు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఊపిరి ఎప్పుడూ తర్వాత వచ్చే పంక్తికి చెందినది. గట్టిగా అందుకోబోయేముందు పీల్చే ఊపిరి వేరు, మెల్లగా ఎత్తుకునేముందు పీల్చేది వేరు. అందుకని ఊపిరికి ముందు కోయాలి, తర్వాత కాదు. చాలామంది ఊపిరి అయ్యాక, అక్షరం మొదలయ్యే చోట కోస్తారు. అప్పుడు పాత టేకు ఊపిరి మీద కొత్త టేకు మాట వచ్చి కూర్చుంటుంది. ఏమిటో చెప్పలేరు గానీ వినేవారికి ఎక్కడో తేడా కొడుతుంది. దీనికి కవల సోదరి లాంటి తప్పు ఇంకొకటి ఉంది. పాత ముక్క చివర ఒక ఊపిరి, కొత్త ముక్క మొదట ఇంకో ఊపిరి మిగిలిపోతాయి. మనిషి రెండుసార్లు వరసగా లోపలికి పీల్చినట్టు వినిపిస్తుంది. మొదటిదాన్ని తీసేయండి.

పంక్తి మధ్యలో అతకవలసి వస్తే

అసలు పనితనం ఇక్కడే తెలుస్తుంది. ఉదాహరణకు ‘చిన్న మబ్బు పక్కన చుక్క పొడిచింది’ అనే పంక్తి తీసుకుందాం. ‘చిన్న మబ్బు’ మొదటి టేకులో బాగుంది, ‘పక్కన చుక్క పొడిచింది’ రెండో టేకులో బాగుంది. కత్తెర ఎక్కడ?

తెలుగులో చిక్కు ఏమిటంటే మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. పాడేటప్పుడు ఆ అచ్చు సాగి తర్వాతి మాటలోకి జారిపోతుంది. కాగితం మీద ఉన్న ఖాళీ గొంతులో ఉండదు. ‘మబ్బు’ అయ్యాక ఖాళీ కోసం వెతికితే దొరకదు. కానీ ‘పక్కన’లో మొదటి ‘ప’ పలకాలంటే ముందు పెదవులు మూసుకోవాలి. ఆ మూసుకున్న క్షణంలో గాలి ఆగుతుంది, గొంతు ఆగుతుంది. తెర పెద్దది చేసి చూస్తే తరంగం సన్నబడి ఒక చిన్న గీతగా మారిన చోటు కనిపిస్తుంది. సెకనులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. ఆ గీతలో, ‘ప’ పేలే చోటికి కాస్త ముందు, కోయండి. రెండో టేకునూ అక్కడే మొదలుపెట్టండి. గీత పక్కన గీత చేరుతుంది. ఎంత చెవి ఉన్నవాళ్లైనా ఈ అతుకు పట్టుకోలేరు.

క, చ, ట, త, ప. ఈ అయిదింటికీ ముందు ఇలాంటి నిశ్శబ్దం ఉంటుంది. మీ సాహిత్యం కాగితం మీద వీటికి చుట్టూ సున్నా గీసుకుంటే కత్తెర పెట్టదగిన చోట్లన్నీ ముందే తెలిసిపోతాయి. గ, జ, డ, ద, బ దగ్గర అంత సుఖం లేదు. నోట్లో గాలి దారి మూసుకున్నా గొంతు లోపల మోగుతూనే ఉంటుంది. ‘మబ్బు’లో ‘బ్బ’ను పెద్దది చేసి చూడండి, నిశ్శబ్దం బదులు చిన్న చిన్న అలలు కనిపిస్తాయి. మ, న, ల, ర, య, వ లైతే అచ్చులతో సమానం, వీలైనంతవరకు వాటిని వదిలేయండి.

ఒత్తుల దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. ‘చుక్క’లో ‘క్క’కు ముందు నిశ్శబ్దం ఒంటి ‘క’కు ముందు ఉన్నదానికంటే చాలా పొడవు. కత్తెరకు అది విశాలమైన చోటే. కానీ అతికేటప్పుడు ఆ నిశ్శబ్దం కురచ అయిందంటే ‘చుక్క’ కాస్తా ‘చుక’ అవుతుంది. నిశ్శబ్దమే కదా అని తీసేయకూడదు, అక్కడ ఆ నిశ్శబ్దమే అక్షరం. కోసే ముందు ఒక టేకులో దాని పొడవు కొలిచి పెట్టుకోండి. రీపర్‌లో ఆ చోటును మౌస్‌తో ఎంపిక చేస్తే కింద ఎంత సేపో అంకె కనిపిస్తుంది. అతికాక అంతే ఉందో లేదో చూడండి.

శ, ష, స లు కూడా అతుకును దాచిపెడతాయి, వేరే కారణంగా. వాటిలో స్వరం ఉండదు, గాలి రాపిడి మాత్రమే ఉంటుంది. బుస్సుమనే శబ్దంలో ఒక బుస్సు ఆగి ఇంకో బుస్సు మొదలైతే ఎవరికీ తెలియదు. సుమారు మధ్యలో కోసి, రెండు ముక్కలనూ కాస్త ఒకదాని మీద ఒకటి జరిపితే చాలు.

ఇక తప్పనిసరై సాగదీసిన అచ్చు మధ్యలోనే అతకాల్సి వచ్చిందనుకోండి. గమకం ఉన్న చోటైతే ఆ ఆలోచన మానుకోండి. రెండు టేకుల్లో గమకం ఒకేలా ఊగదు. నిలకడగా నిలిపిన స్వరమైతే ప్రయత్నించవచ్చు. తెరను బాగా పెద్దది చేస్తే ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వస్తూ కనిపిస్తుంది. 220 హెర్ట్జ్ దగ్గర పాడుతున్న గొంతులో ఒక్కో ఆకారం నిడివి నాలుగున్నర మిల్లీసెకన్లు. మొదటి ముక్కను అల మధ్యగీతను దాటి పైకి లేచే చోట కోయండి. రెండో ముక్కనూ అలాంటి చోటే మొదలుపెట్టండి. ఆల్ట్ పట్టుకుని ముక్క మధ్యలో లాగితే ముక్క కదలకుండా లోపలి శబ్దం మాత్రమే జరుగుతుంది. దానితో రెండు ఆకారాలు వరసలో కలిసేలా సర్దండి. పది నిమిషాలు పడుతుంది. కొన్నిసార్లు కుదరదు కూడా. అప్పుడు వెనక్కి వెళ్లి అంతకుముందున్న ‘క’నో ‘త’నో వెతుక్కోండి. నేను ఎక్కువసార్లు చేసేది అదే.

అతుకు మీద ఇస్త్రీ

కోసిన చోట టిక్కుమని చిన్న శబ్దం వస్తే దానికి కారణం అల ఒక ఎత్తులో తెగి ఇంకో ఎత్తులో మొదలవడం. స్పీకరు పొర ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. మందు క్రాస్‌ఫేడ్. మొదటి ముక్క మెల్లగా తగ్గుతుండగా రెండోది మెల్లగా పెరుగుతుంది. రీపర్‌లో ఆల్ట్ ఎక్స్ నొక్కి ఆటో క్రాస్‌ఫేడ్ వెలిగించుకుంటే, ఒక ముక్క అంచును పక్క ముక్క మీదికి లాగగానే అది తనంతట తానే పడుతుంది.

టేపుల కాలంలో ఈ పని బ్లేడుతో జరిగేది. టేపును నిలువుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా కోసి అతికేవారు. పావు అంగుళం వెడల్పున్న టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో తిరుగుతుంటే ఆ ఏటవాలు కోత దాటడానికి దాదాపు 17 మిల్లీసెకన్లు పట్టేది. అంటే అదీ క్రాస్‌ఫేడే. నేటికీ మాటల మధ్య అతుకులకు 5 నుంచి 20 మిల్లీసెకన్లు సరిపోతాయి. నిశ్శబ్దంలో అతికితే 5 చాలు. సాగదీసిన అచ్చులో అయితే 20, 30 దాకా వెళ్లండి. అంతకు మించితే రెండు గొంతులు ఒకేసారి వినిపించి బృందగానంలా తోస్తుంది.

ఫేడ్ వంపు గురించి ఒక్క ముక్క. రెండు వైపులా అలలు కలిసి నడుస్తున్న చోట, అంటే ఇప్పుడే చెప్పిన అచ్చు అతుకు లాంటి చోట, తిన్నని గీత వంపు వాడండి. రెండు వైపులా పొంతన లేని శబ్దాలు ఉంటే, అంటే ‘స’ బుసలోనో గది హోరులోనో, ఉబ్బెత్తు వంపు వాడండి. లేకపోతే మధ్యలో శబ్దం కాస్త గుంట పడుతుంది. ఫేడ్ మీద కుడి మీట నొక్కితే వంపుల బొమ్మలు కనిపిస్తాయి.

ఊపిర్లు, చప్పుళ్లు

కొత్తలో నేను ఒక గాయని పాటలో ఊపిర్లన్నీ ఏరి పారేశాను. శుభ్రంగా ఉందని మురిసిపోయి పంపించాను. ఆమె విని ఫోను చేసి, ‘‘బాబూ, ఎవరో నా ముక్కు మూసి పాడించినట్టుంది. వింటుంటే నాకే ఊపిరాడటం లేదు’’ అన్నారు. మళ్లీ కూర్చుని ఒక్కో ఊపిరీ వెనక్కి పెట్టాను. అప్పటి నుంచి ఊపిరిని తీయను, తగ్గిస్తాను. ఊపిరికి అటూ ఇటూ కోసి, ఆ ముక్క మీద ఎఫ్2 నొక్కి, వాల్యూమ్ దగ్గర 6 డెసిబెల్స్ తగ్గించండి. రెండు అంచులకూ చిన్న ఫేడ్ పెట్టండి. చాలా గట్టిగా ఉంటే 10 తగ్గించవచ్చు. వాయిద్యాలు నిండుగా ఉన్న పాటలో అసలు ముట్టుకోనవసరమే ఉండదు.

కుక్కర్ కూత, ఆటో హారను, కుర్చీ కిర్రుమనడం లాంటివి పంక్తుల మధ్య ఖాళీల్లో పడితే ఆ చోటు కోసి తీసేయండి. వెనుక వాయిద్యాలు ఉంటే గొడవ లేదు. తంబుర ఒక్కటే ఉన్నా, గొంతు ఒంటరిగా ఉన్నా, కోసి తీసిన చోట గది గాలి కూడా మాయమై గొయ్యిలో పడ్డట్టు ఉంటుంది. దీనికోసమే రికార్డింగుకు ముందు పది సెకన్లు నోరు మూసుకుని ఉత్త గదిని రికార్డు చేసుకోమంటారు. ఆ నిశ్శబ్దంలోంచి కావలసినంత ముక్క తెచ్చి గొయ్యి పూడ్చాలి. మీరు అలా చేయలేదా? టేకుల మధ్య ఎక్కడో ఒక సెకను శుద్ధమైన ఖాళీ ఉంటుంది, వెతకండి. హారను మాట మీదే పడితే ఆ మాటను ఇంకో టేకు నుంచి తెచ్చుకోవడమే. ఫ్యాను హోరు తీసే యంత్రాంగాలు బోలెడున్నాయి గానీ అవి గొంతులో తేమను కూడా లాగేస్తాయి. రికార్డింగప్పుడు ఫ్యాను ఆపి చెమటోడ్చడమే చవక.

‘ప, బ’ ల దగ్గర గాలి మైకుకు తగిలి బుడుక్కుమంటే, ఆ బుడుక్కు మీద మాత్రమే చిన్న ఫేడ్ ఇన్ పెడితే, అంటే శబ్దం మెల్లగా పెరిగేలా చేస్తే, తగ్గుతుంది. అదే పని ‘ఫ, భ’ ల దగ్గర చేసేటప్పుడు చేయి నెమ్మది చేయండి. అక్కడ గాలి దోషం కాదు, అక్షరంలో భాగం. ‘భక్తి’ని శుభ్రం చేసి ‘బక్తి’ చేసినవాళ్లున్నారు. ‘స’ చెవిలో గుచ్చుకుంటుంటే ఆ ‘స’ ఒక్కదాన్నే కోసి 3, 4 డెసిబెల్స్ తగ్గించండి. మరీ తగ్గిస్తే పాడినవారికి నత్తి వచ్చినట్టుంటుంది.

హెచ్చుతగ్గులు

వేరు వేరు టేకుల ముక్కలు ఎత్తులో తేడాగా ఉంటే ఒక్కో ముక్కను ఎఫ్2లో అర డెసిబెల్, ఒక డెసిబెల్ చొప్పున సర్దండి. అన్నిటినీ ఎంచుకుని నార్మలైజ్ కొట్టకండి. అది ఒక్కో ముక్కలో అతి ఎత్తైన శిఖరాన్ని చూసి లెక్క కడుతుంది. మెల్లగా పాడిన పంక్తి కూడా గట్టిగా పాడిన పంక్తి ఎత్తుకు వచ్చి నిలబడుతుంది. చరణం చివర గొంతు తగ్గించి పాడింది కావాలనే కదా. ఆ తగ్గింపు ఉండనివ్వండి, మాట వినపడకుండా పోయిన చోటే చేయి పెట్టండి.

తాళానికి సర్దడం

ట్రాకు మొత్తం ఒకే కొలతలో వెనుకబడి ఉంటే అది పాడినవారి తప్పు కాదు, యంత్రం ఆలస్యం. అన్ని ముక్కలనూ కలిపి ఎంచుకుని ఒకేసారి ముందుకు జరపండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో వింటూ పాడితే ఇలాగే అవుతుంది, వాటిలో ఆలస్యం సాధారణంగా సెకనులో పదో వంతుకు పైనే. ఈసారి తీగ ఉన్నవి పెట్టుకోండి.

ఒకటి రెండు మాటలే ముందూ వెనుకా అయితే ఆ మాటకు అటూ ఇటూ కోసి జరపాలి. నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఒక దెబ్బ నిడివి 750 మిల్లీసెకన్లు. అందులో 20, 30 మిల్లీసెకన్ల తేడాను నేను పట్టించుకోను. అది మనిషి పాడుతున్నాడనడానికి గుర్తు. ఎత్తుగడలో 80, 100 మిల్లీసెకన్లు తప్పితే సరిచేస్తాను.

సరిచేసేటప్పుడు ముక్క అంచును తాళం గీతకు ఆనించకండి. తాళం మీద పడవలసింది హల్లు మొదలు కాదు, అచ్చు. ‘శ్రీ’ అని ఎత్తుకుంటే ‘శ్ర్’ అనే రాపిడి ముందే మొదలై, ‘ఈ’ వచ్చి దెబ్బ మీద వాలుతుంది. తరంగం మొదలైన చోటును గీతకు కలిపితే ‘శ్రీ’ మొత్తం ఆలస్యమైనట్టు వినిపిస్తుంది. కంటికి అంత చక్కగా ఉన్నది చెవికి ఎందుకు కుంటుతుందో తెలియక నేను చాలా రోజులు తలబద్దలు కొట్టుకున్నాను. టాబ్ మీట నొక్కితే కర్సర్ శబ్దం ఎగసిన చోటికి దూకుతుంది కదా, దాన్ని తబలా దెబ్బలకు నమ్మండి. గొంతుకు నమ్మకండి.

తబలాకో మృదంగానికో రెండు మైకులు పెట్టి ఉంటే ఆ రెండు ట్రాకులనూ ఎప్పుడూ కలిపే కోయాలి, కలిపే జరపాలి. ముక్కలను ఎంచుకుని జీ నొక్కితే జట్టు కడతాయి. శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు వెళుతుంది. ఒక ట్రాకును ఒక్క మిల్లీసెకను జరిపితే ఒక మైకును జానెడు కంటే ఎక్కువ దూరం లాగినట్టే, వాయిద్యం గుమకం ఎండిపోతుంది.

పరీక్ష

ఇప్పుడు తెర ఆపేయండి, లేదా కళ్లు మూసుకోండి. తెర మీద ముక్క అంచు కనిపిస్తుంటే అతుకు లేని చోట కూడా ఉన్నట్టు వినిపిస్తుంది, ఉన్న చోట కన్ను సర్ది చెబుతుంది. గొంతు ట్రాకు ఒక్కదాన్నే హెడ్‌ఫోన్లలో మొదటి నుంచి వినండి. ఎక్కడ అనుమానం వస్తే అక్కడ కాగితం మీద పంక్తి పక్కన చుక్క పెట్టండి, ఆపకండి. తర్వాత వాయిద్యాలతో కలిపి ఫోను స్పీకరులో వినండి. రెండింటిలోనూ చుక్క పడిన చోట్లకే మళ్లీ వెళ్లండి. ఒక్కదానిలోనే పడితే రేపు పొద్దున ఇంకోసారి విని నిర్ణయించుకోండి. పని తెలియనివారికి ఎవరికైనా వినిపించి, ఎక్కడ అతికానో చెప్పమనండి. మా ఇంట్లో ఈ ఉద్యోగం మా అమ్మది. ఆమెకు క్రాస్‌ఫేడ్ అంటే తెలియదు గానీ, ‘‘ఇక్కడేదో గొంతు మారింది’’ అని సరిగ్గా ఆ పంక్తి దగ్గరే అంటుంది.

అంతా కుదిరాక ప్రాజెక్టును కొత్త పేరుతో ఇంకోసారి భద్రపరచండి. ఈ కొత్త ప్రతిలో ముక్కలన్నిటినీ ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, జీ నొక్కితే ఒకే ఫైలుగా అతుక్కుంటాయి. పాత ప్రతిని ముక్కలుగానే ఉంచండి, ఎల్లుండి ఎవరో ఒకరు రెండో చరణం మొదటి టేకే బాగుందంటారు. మిక్సింగు వేరేవారు చేస్తున్నట్టయితే కంట్రోల్, ఆల్ట్, ఆర్ నొక్కి ప్రతి ట్రాకునూ విడిగా 24 బిట్ వేవ్ ఫైలుగా తీయండి, ఎంపీ3గా వద్దు. అన్ని ఫైళ్లూ పాట సున్నా సెకను నుంచే మొదలవ్వాలి, మొదటి నిమిషం ఖాళీగా ఉన్నా సరే. అప్పుడే అవతలివారు తెచ్చి పెట్టగానే వాటంతటవే వరసలో కూర్చుంటాయి. ఫైలు పేరులో పాట పేరు, ట్రాకు పేరు, నిమిషానికి ఎన్ని దెబ్బలో రాయండి. ‘ఫైనల్’ అని మాత్రం రాయకండి, నా దగ్గర ‘ఫైనల్ 7’ వరకూ ఉన్నాయి.